అసర్ట్ ఉంచాలా, తీసెయ్యాలా? పెద్ద సీ కోడ్‌లో నేను నేర్చుకున్న లెక్క

ఈ మధ్య ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అవుతున్న ఒక చెల్లి నన్ను అడిగింది, "అన్నా, అసర్ట్‌లన్నీ రిలీజ్ బిల్డ్‌లో ఎగిరిపోతాయి కదా, మరి రాయడం ఎందుకు?" అని. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఇదే ప్రశ్నకి ఒకప్పుడు నేను తప్పు జవాబు ఇచ్చాను. దాని ఖర్చు మాత్రం నేను కట్టలేదు, ఇంకొకాయన కట్టాడు. ఇవాళ ఆ కథ, దాని నుంచి మేము తయారుచేసుకున్న లెక్క, రెండూ చెప్తాను.

కొత్తవాళ్ళ కోసం ముందు రెండు నిమిషాలు బేసిక్స్. సీలో అసర్ట్ అనేది ఒక మ్యాక్రో. బ్రాకెట్‌లో ఒక షరతు రాస్తాం. ఉదాహరణకి "ఈ పాయింటర్ నల్ కాదు" అని. షరతు నిజమైతే ఏమీ జరగదు. అబద్ధమైతే ఆ షరతు, ఫైల్ పేరు, లైన్ నంబర్, ఫంక్షన్ పేరు ప్రింట్ చేసి, అబార్ట్‌ని పిలుస్తుంది. ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. కోర్ డంప్ ఆన్‌లో ఉంటే, ఆగిన క్షణంలో మెమరీ ఎలా ఉందో మొత్తం ఫోటో తీసినట్టు దొరుకుతుంది.

ఇక్కడ అసలు మెలిక ఒకటుంది. కంపైల్ చేసేటప్పుడు ఎన్‌డీబగ్ అనే పేరు డిఫైన్ చేస్తే, అసర్ట్ మొత్తం ఖాళీ అయిపోతుంది. షరతు చెక్ చేయడం ఆగిపోవడమే కాదు, బ్రాకెట్‌లో మీరు రాసింది అసలు రన్ అవ్వదు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. మాది బ్రాంచి ఆఫీసుల మధ్య లింకు నడిపే ఒక చిన్న నెట్‌వర్క్ బాక్సు. లోపలంతా సీ కోడ్, లక్షల లైన్లు, పదిహేనేళ్ళుగా రకరకాల చేతులు పడిన కోడ్. ఒక కస్టమర్ దగ్గర బాక్సు రోజుకి నాలుగైదు సార్లు రీస్టార్ట్ అవుతోంది. లాగ్ చూస్తే ఒకటే లైను. ప్యాకెట్‌లో వచ్చిన పొడవు మన బఫర్ కంటే పెద్దదిగా ఉందని ఒక అసర్ట్ ఫెయిల్ అవుతోంది. శుక్రవారం సాయంత్రం, కస్టమర్ ఫోన్ మీద ఫోన్. నేనేం చేశానో తెలుసా? మేక్‌ఫైల్ తెరిచి, ఎన్‌డీబగ్ ఒక్కటి చేర్చి, కొత్త బిల్డ్ పంపేశాను. రీస్టార్ట్‌లు ఆగిపోయాయి. అందరూ శభాష్ అన్నారు. నేనూ ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.

మన ఇళ్ళల్లో పాత ఫ్యూజ్ బోర్డులు గుర్తున్నాయా? ఫ్యూజ్ మాటిమాటికీ పోతుంటే ఎవరో ఒక బాబాయ్ వచ్చి సన్న తీగ తీసేసి లావు రాగి తీగ చుట్టేవాడు. ఆ తర్వాత ఫ్యూజ్ పోదు. వైర్లే కాలతాయి. నేను చేసిన పని సరిగ్గా అదే.

మూడు వారాల తర్వాత ఒక బ్రాంచిలో కరెంటు పోయి వచ్చింది. బాక్సు లేవలేదు. మా ఫీల్డ్ ఇంజనీర్ అన్న రాత్రి బస్సెక్కి, లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాడు. పొద్దున్నే ఫోన్ చేసి అన్నాడు, "లైట్లు వెలుగుతున్నాయి తమ్ముడూ, కానీ పెట్టె లోపల ఏమీ లేదు." కాన్ఫిగ్ ఫైల్ సగం ఒకరిది, సగం ఇంకొకరిది అయిపోయింది. ఆ బ్రాంచి వాళ్ళు ఒక రోజంతా పని ఆపుకుని కూర్చున్నారు.

మా టీమ్ లీడ్ మేడమ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కోడ్ వెతికింది. కాన్ఫిగ్ రాసే ఫంక్షన్‌లో మ్యూటెక్స్ లాక్ తీసుకునే లైను ఇలా ఉంది: అసర్ట్, బ్రాకెట్, లాక్ ఫంక్షన్ కాల్, అది సున్నా తిరిగివ్వాలి. అంటే లాక్ వేయడమే అసర్ట్ లోపల జరుగుతోంది. అన్‌లాక్ కూడా అలాగే రాశారు. నేను ఎన్‌డీబగ్ పెట్టగానే రెండూ కలిసి మాయమయ్యాయి. ఒక్కటే మాయమై ఉంటే ప్రోగ్రామ్ ఎక్కడో ఇరుక్కుపోయేది, మొదటి రోజే పట్టుకునేవాళ్ళం. రెండూ పోవడంతో అంతా సాఫీగా నడిచింది. ఎప్పుడో ఒక రోజు రెండు థ్రెడ్లు ఒకేసారి ఫ్లాష్ మీద రాశాయి.

అంతటితో అయిపోలేదు. మేడమ్ నెమ్మదిగా అడిగింది, "మరి ఆ ప్యాకెట్ పొడవు చెక్ చేసేది ఇప్పుడు ఎవరు?" నాకు చెమటలు పట్టాయి. ఎవరూ లేరు. ఆ అసర్టే ఏకైక కాపలా. దాన్ని నేను తీసేశాక, బయటి నుంచి వచ్చిన పొడవుని అలాగే నమ్మి మెమ్‌కాపీ జరుగుతోంది. అంటే ఒక పెద్ద ప్యాకెట్ పంపిన ఎవరైనా మా మెమరీ మీద రాసెయ్యొచ్చు. రీస్టార్ట్ అనే చిన్న జబ్బుని సెక్యూరిటీ హోల్ అనే పెద్ద జబ్బుగా మార్చి, శభాష్ అనిపించుకున్నానన్నమాట.

మరి అసర్ట్‌లన్నీ ఎప్పుడూ ఆన్‌లో ఉంచేస్తే సరిపోతుందా? ఈ గొడవ కొత్తది కాదు. అలన్ ట్యూరింగ్ 1949లోనే, పెద్ద ప్రోగ్రామ్‌ని సరిచూడాలంటే మధ్య మధ్యలో "ఇక్కడ ఇది నిజం" అని విడివిడిగా చెక్ చేయగలిగే మాటలు రాసుకోవాలన్నాడు. టోనీ హోర్ 1973లో రాసిన ఒక వ్యాసంలో, టెస్టింగ్‌లో చెక్‌లు పెట్టి అసలు వాడకంలో తీసెయ్యడాన్ని ఒడ్డు మీద లైఫ్ జాకెట్ వేసుకుని సముద్రంలోకి దిగేటప్పుడు విప్పేయడంతో పోల్చాడు. వినడానికి ఆయన మాటే ఫైనల్ అనిపిస్తుంది. కానీ నాణేనికి రెండో వైపు కూడా చూడాలి.

బైండ్ అని ఒక డీఎన్ఎస్ సర్వర్ ఉంది. ఇంటర్నెట్‌లో పేర్లని అడ్రస్‌లుగా మార్చే సాఫ్ట్‌వేర్‌లలో చాలా పాతది, చాలా చోట్ల వాడేది. సీలో రాశారు. అందులో రిక్వైర్, ఎన్షూర్, ఇన్సిస్ట్ అని సొంత మ్యాక్రోలు ఉన్నాయి, రిలీజ్‌లో కూడా ఆన్‌లోనే ఉంటాయి. 2015 జూలైలో ఏమైందంటే, టీకీ అనే రకం క్వెరీ ఒక్కటి, ఒకే ఒక్క ప్యాకెట్, ప్రత్యేకంగా తయారుచేసి పంపితే సర్వర్ మొత్తం ఆగిపోతుందని బయటపడింది. కారణం ఎంత చిన్నదో చూడండి. పేరు వెతికే ఫంక్షన్, "నాకిచ్చే నేమ్ పాయింటర్ ఖాళీగా ఉండాలి" అని రిక్వైర్ పెట్టుకుంది. మొదట ఒక సెక్షన్‌లో వెతికారు. పేరు దొరికింది కానీ కావలసిన రికార్డు దొరకలేదు, పాయింటర్ నిండింది. దాన్ని ఖాళీ చేయకుండా రెండో సెక్షన్‌లో వెతకమని మళ్ళీ పిలిచారు. రిక్వైర్ ఫెయిల్, సర్వర్ డౌన్. పాయింటర్‌ని మళ్ళీ నల్ చేసే ఒక్క లైనుతో సరిచేశారు.

రిక్వైర్ అబద్ధం చెప్పలేదు, నిజమైన బగ్గునే పట్టుకుంది. కానీ శిక్ష చూడండి. ఒక క్వెరీ తేడాగా ఉంటే, ఆ సర్వర్ మీద ఆధారపడ్డ అందరికీ సర్వీసు బంద్. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు.

దీనికి పూర్తిగా రెండో చివర హార్ట్‌బ్లీడ్. 2014 ఏప్రిల్, ఓపెన్ఎస్ఎస్ఎల్. అవతలి వాడు "నేను పంపిన డేటా ఇంత పొడవు" అంటే దాన్ని చెక్ చేయకుండా నమ్మేశారు. వాడు కొంచెం పంపి చాలా పంపానని చెప్తే, సర్వర్ తన మెమరీలోంచి ఒక్కసారికి 64 కేబీ వరకు తీసి ఇచ్చేసేది. క్రాష్ లేదు, లాగ్ లేదు. ప్రైవేట్ కీలు, పాస్‌వర్డ్‌లు బయటికి పోయే అవకాశం. ఆగిపోవడం ఒక ప్రమాదం. ఆగకుండా తప్పుగా నడవడం ఇంకో ప్రమాదం. ఆన్ పెట్టాలా, ఆఫ్ పెట్టాలా అని ఒకే స్విచ్‌తో తేల్చే విషయం కాదిది.

అందుకే మా టీమ్‌లో ప్రశ్న మార్చుకున్నాం. ప్రతి అసర్ట్ దగ్గరా ఆగి రెండు విషయాలు అడిగాం. ఒకటి, ఈ షరతు అబద్ధమైతే తప్పు ఎవరిది, మన కోడ్‌దా, బయటిదా? రెండు, అబద్ధమయ్యాక ముందుకెళ్తే ఎంత నష్టం, ఆగిపోతే ఎంత నష్టం? ఈ రెండిటికీ జవాబు రాస్తే ప్రతి అసర్ట్ ఐదు బుట్టల్లో ఒకదాంట్లో పడింది.

మొదటి బుట్ట, కంపైల్ టైమ్‌లోనే తేలిపోయేవి. స్ట్రక్చర్ సైజు ఇంత ఉండాలి, ఈ టేబుల్‌లో ఎన్ని ఎంట్రీలున్నాయో ఆ ఎనమ్‌లో అన్నే ఉండాలి, ఇలాంటివి. వీటికి స్టాటిక్ అసర్ట్. సీ11 నుంచి భాషలోనే ఉంది. రన్ టైమ్‌లో పైసా ఖర్చు లేదు, తప్పైతే బిల్డే అవ్వదు. లైనక్స్ కెర్నల్‌లో ఇదే పనికి బిల్డ్ బగ్ ఆన్ అనే మ్యాక్రో వాడతారు. మా పాత అసర్ట్‌లలో ఇక్కడికి తోయగలిగినవన్నీ ముందు తోసేశాం.

రెండో బుట్ట, బయటి నుంచి వచ్చేవి. ప్యాకెట్, ఫైల్, యూజర్ టైప్ చేసింది, మాలాక్ నల్ ఇవ్వడం, డిస్క్ నిండిపోవడం. వీటికి అసర్ట్ వాడకూడదు, అంతే. ఎందుకంటే ఇవి జరగవు అని మీరు చెప్పలేరు, జరుగుతాయి. మామూలు ఇఫ్ రాసి, ఎర్రర్ తిరిగిచ్చి, ఒక కౌంటర్ పెంచాలి. నేను తీసేసిన పొడవు చెక్ నిజానికి ఈ బుట్టలోది. పదిహేనేళ్ళ కింద ఎవరో దాన్ని అసర్ట్‌గా రాశారు. నేను దాన్ని ఇఫ్‌గా మార్చాల్సింది పోయి మాయం చేశాను.

మూడో బుట్ట, మన బగ్గే కానీ నష్టం చిన్నది. ఒక కనెక్షన్ స్టేట్ తేడాగా ఉంది అనుకోండి. ఆ కనెక్షన్ మూసేసి, గట్టిగా లాగ్ రాసి, మిగతావాళ్ళని నడవనివ్వచ్చు. లైనక్స్ కెర్నల్‌లో వార్న్ ఆన్ అనేది ఇదే. షరతు తేడా అయితే స్టాక్ ట్రేస్‌తో సహా హెచ్చరిక రాసి, తేడా ఉందా లేదా అనే విలువ తిరిగిస్తుంది. దాన్ని నేరుగా ఇఫ్‌లో పెట్టుకుని ఎర్రర్‌తో బయటికి రావచ్చు. సిస్టమ్‌నే ఆపేసే బగ్ ఆన్ కొత్తగా చేర్చొద్దని కెర్నల్ డాక్యుమెంటేషన్ స్పష్టంగా చెప్తుంది, లైనస్ టోర్వాల్డ్స్ ఈ విషయంలో ఎంత గట్టిగా ఉంటాడో ఆ ప్రపంచంలో అందరికీ తెలుసు. అయితే "నాకు హెచ్చరిక వచ్చినా ఆగిపోవాల్సిందే" అనుకునే సిస్టమ్ ఓనర్ కోసం పానిక్ ఆన్ వార్న్ అనే సెట్టింగ్ ఉంది. అంటే ఆగాలా వద్దా అనేది కోడ్ రాసినవాడు ఒక్కడే తేల్చడం లేదు. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, దాని లోపల నడుస్తున్నది ఈ కెర్నలే.

నాలుగో బుట్ట, ముందుకెళ్తే డేటా పాడయ్యేవి. ఇక్కడ ఆగిపోవాల్సిందే, రిలీజ్‌లో కూడా. పోస్ట్‌గ్రెస్ చూడండి. అందులో మామూలు అసర్ట్‌లు డెవలపర్ బిల్డ్‌కే పరిమితం, బిల్డ్ చేసేటప్పుడు ప్రత్యేకంగా ఆన్ చేసుకోవాలి. కానీ డేటాని డిస్క్‌కి పంపే ఎఫ్‌సింక్ ఫెయిల్ అయితే, 2019 ఫిబ్రవరిలో వచ్చిన రిలీజ్‌ల నుంచి, డీఫాల్ట్‌గా పానిక్ అయి ఆగిపోతుంది. డిస్క్ మీద ఏముందో నమ్మలేనప్పుడు సర్దుకుపోవడం కంటే, ఆగి, తన లాగ్ నుంచి రికవరీ చేసుకుని లేవడం మంచిదని వాళ్ళ లెక్క. ఇందులో కీలకం "లేవడం" అనే మాట. ఆగాక ఎలా లేస్తామో తెలియకుండా ఆపకూడదు. లేచిన వెంటనే అదే ఇన్‌పుట్ తిని మళ్ళీ పడిపోతే, అది రక్షణ కాదు, గిరగిరా తిరగడమే.

ఐదో బుట్ట, ఖరీదైన చెక్‌లు. ఒక ట్రీ మొత్తం నడిచి వరుస సరిగ్గా ఉందా అని చూసేలాంటివి. ఇవి డీబగ్ బిల్డ్‌లోనే. మీ ఫోన్‌లో ఎన్నో యాప్‌లు వాడే ఎస్‌క్యూలైట్‌లో వేల అసర్ట్‌లున్నాయి, అసలు రిలీజ్‌లో ఆఫ్ చేసి ఉంటాయి. టెస్టింగ్‌లో మాత్రం ఆన్ చేసి గట్టిగా ఉతుకుతారు.

అదే ఎస్‌క్యూలైట్‌లో ఇంకో ముచ్చట ఉంది, నాకు చాలా నచ్చింది. ఆల్వేస్, నెవర్ అని రెండు మ్యాక్రోలు. "ఇది ఎప్పుడూ నిజమే అని మా నమ్మకం, కానీ ఒకవేళ కాకపోతే తట్టుకునే కోడ్ కూడా ఉంది" అనే చోట ఇవి వాడతారు. డీబగ్‌లో నమ్మకం తప్పితే అసర్ట్ లాగా పడిపోతుంది, డెవలపర్‌కి వెంటనే తెలుస్తుంది. రిలీజ్‌లో మామూలు షరతులా పనిచేసి, తట్టుకునే దారిలో వెళ్తుంది. మా మూడో బుట్టకి మేము ఇలాంటి మ్యాక్రోనే రాసుకున్నాం.

ఇప్పుడు ప్రాక్టికల్ విషయాలు. వేల అసర్ట్‌లున్న కోడ్‌ని ఒక్క రోజులో మార్చలేరు, ప్రయత్నించొద్దు. మేము మూడు పనులు చేశాం.

మొదటిది, అసర్ట్ లోపల పనులు చేసే కోడ్ వెతికి బయటికి లాగాం. ఫంక్షన్ కాల్, ప్లస్ ప్లస్, విలువ ఎక్కించడం, ఏదైనా సరే. ముందు పని చేసి ఫలితం ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి, తర్వాత ఆ వేరియబుల్‌ని చెక్ చేయండి. అప్పుడు ఎన్‌డీబగ్‌లో ఆ వేరియబుల్ వాడలేదని కంపైలర్ వార్నింగ్ ఇస్తుంది. దాన్ని నోరు మూయించే ముందు ఆలోచించండి, "రిలీజ్‌లో ఈ ఎర్రర్‌ని నేను పట్టించుకోవడం లేదా?" అని. చాలాసార్లు ఆ వార్నింగే అసలు బగ్గు. ఇంకో మాట, డీబగ్, రిలీజ్ రెండు బిల్డ్‌లకీ టెస్టులు నడపాలి. మేము డీబగ్‌కి మాత్రమే నడిపేవాళ్ళం. అందుకే నా లాక్ సంగతి ఎవరికీ కనబడలేదు.

రెండోది, పేర్లు వేరు చేశాం. అన్నిటికీ అసర్ట్ అని ఒకే పేరుంటే చదివేవాడికి రాసినవాడి ఉద్దేశం తెలియదు. డీబగ్‌లో మాత్రమే ఉండేదానికి ఒక పేరు, ఎప్పుడూ ఆపేదానికి ఒక పేరు, హెచ్చరించి వెనక్కి వచ్చేదానికి ఒక పేరు. కొత్త కోడ్‌లో ఖాళీ అసర్ట్ రాస్తే రివ్యూలో వెనక్కి వస్తుంది. పాత ఫైల్ ఎప్పుడు ముట్టుకుంటే అప్పుడు ఆ ఫైల్‌వి మారుస్తాం.

మూడోది, మెసేజ్. రెండు షరతుల్ని అండ్‌తో కలిపి ఒకే అసర్ట్‌లో రాయకండి, పడిపోయినప్పుడు ఏది తప్పిందో తెలియదు. "ఏ, బీ సమానం కాదు" అని తెలిస్తే సరిపోదు, ఏ ఎంత, బీ ఎంత అనేది లాగ్‌లో ఉండాలి. రాత్రి రెండు గంటలకి ఆ లైను చదివేది మీరు కాకపోవచ్చు.

ఒక చోట మాత్రం మాకు ఇప్పటికీ వాదన ఆగలేదు. పెద్ద కోడ్‌లో "బయట" అంటే ఎక్కడ మొదలవుతుంది? పక్క టీమ్ మాడ్యూల్ నాకు నల్ పంపిస్తే అది మన బగ్గా, బయటి తప్పా? మేడమ్ మాట ఏంటంటే, ఒకే ప్రాసెస్‌లో ఉన్నంతవరకు అది మన బగ్గే, దాచిపెట్టొద్దు, అరవాలి. నేను అంటాను, అరవండి కానీ పడగొట్టకండి. బైండ్ కథ నా వైపు. కానీ మెమరీ ఇప్పటికే పాడై ఉంటే ఇంకా నడవడం హార్ట్‌బ్లీడ్ దారి కాదా అని ఆమె అడిగితే, నా దగ్గర గట్టి జవాబు లేదు. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. బయటివాడి ప్యాకెట్ నేరుగా చేరగలిగే దారుల్లో వీలైనంత వరకు ఆ ఒక్క రిక్వెస్ట్‌ని వదిలేస్తాం. మెమరీ, ఫ్లాష్, లాక్‌ల దగ్గర తేడా వస్తే మాత్రం ఆపుతాం.

చెల్లి ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పగలను. రిలీజ్‌లో ఎగిరిపోయినా నష్టం లేని అసర్ట్ మాత్రమే నిజమైన అసర్ట్. ఎగిరిపోతే భయం వేసేది ఏదైనా ఉంటే, దాన్ని అసర్ట్ అనే పేరుతో రాయడమే తప్పు. ఈ వారం మీ ప్రాజెక్ట్‌లో, కాలేజీదైనా సరే, ఎన్‌డీబగ్ పెట్టి ఒకసారి బిల్డ్ చేసి టెస్టులు నడపండి. ఏం పగిలిందో చూడండి. ఏమీ పగలకపోతే ఇంకోసారి చూడండి, నాకూ మొదట్లో ఏమీ పగల్లేదు.

ఆ ఫీల్డ్ ఇంజనీర్ అన్న ఇప్పటికీ ఎప్పుడైనా ఫోన్ చేస్తే, ముందు అడిగేది ఒకటే, "తమ్ముడూ, ఈసారి బిల్డ్‌లో ఏం తీసేశావ్?" అని. నవ్వుతూనే అడుగుతాడు. నేను మాత్రం ప్రతిసారీ లిస్ట్ తీసి చదివి వినిపిస్తాను. సరే మరి, ఉంటాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.